పదవికి అనర్హులెవరు? - భారత, అమెరికా రాజ్యాంగముల తీరు

1920వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో అధ్యక్ష పదవికి జరిగిన ఎన్నికలో ఒక ఖైదీ పోటీ చేసెను. ఆయన పేరు యూజీన్ డెబ్స్. సోషలిస్టు పార్టీ నాయకుడు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున, 1918లో, ఒహాయో రాష్ట్రములోని కాంటన్ పట్టణమున యుద్ధమునకు ప్రతికూలముగా ఉపన్యసించినందుకు ఆయనకు పది సంవత్సరముల కారాగార శిక్ష విధింపబడినది. అట్లాంటా చెరసాలలో నుండియే ఆయన అభ్యర్థిగా నిలిచెను. తొమ్మిది లక్షలకు పైగా పౌరులు ఆయనకు ఓటు వేసిరి. ఆయన గెలువలేదు. కాని గెలిచియుండినచో, శిక్షపడినవాడన్న కారణముచేత ఆయనను అధ్యక్ష పీఠమునకు దూరము చేయు వాక్యమేదియు ఆ దేశ రాజ్యాంగములో లేదు.

మన దేశమున అట్టి శిక్ష పడినవాని గతి వేరు. ఏ నేరమునకైనను రెండు సంవత్సరములకు తక్కువ కాని కారాగార శిక్ష పడినచో, అతడు పార్లమెంటునకు గాని శాసనసభకు గాని పోటీ చేయజాలడు. శిక్ష ముగిసి విడుదలయైన పిమ్మట గూడ ఆరు సంవత్సరములు వేచియుండవలెను. అప్పటికే సభ్యుడుగా ఉన్నవాడైనచో, దోషియని తీర్పు వెలువడిన దినమునుండియే అతని స్థానము పోవును.

రెండును ప్రజాస్వామ్యములే. రెండును లిఖిత రాజ్యాంగము గలవే. రెండింటను స్వతంత్రములైన న్యాయస్థానములు కలవు. అట్లయ్యును ఒకచోట చెరసాల గోడ అభ్యర్థికి అడ్డు కాదు. మరియొకచోట న్యాయాధిపతి వ్రాసిన ఒక్క అంకె అతని రాజకీయ జీవితమును ఆపివేయగలదు. ఈ భేదమేల? ఇందు ఏది మేలు? ఈ ప్రశ్నలనే నేడు కొంచెము విచారింతము.

మొదట పోలికలను చూతము. వయసు, పౌరసత్వము అను అర్హతలు రెండు దేశములలోను కలవు. అమెరికా ప్రతినిధుల సభకు ఇరువదియైదేండ్లు, సెనేటునకు ముప్పది, అధ్యక్ష పదవికి ముప్పదియైదు. మన లోక్‌సభకు, రాజ్యసభకు, రాష్ట్రపతి పదవికి గూడ వరుసగా ఇవే అంకెలు. ఒక భేదము మాత్రము గమనింపదగినది. అమెరికాలో అధ్యక్షుడు జన్మతః పౌరుడై యుండవలెను. మన రాష్ట్రపతి విషయమున, ప్రధానమంత్రి విషయమున అట్టి నియమము లేదు, పౌరుడైన చాలును. కనుక కొన్ని తలుపులను వారు మూసిరి, మనము తెరచితిమి. ఇతర తలుపుల విషయమున దీనికి విపర్యయముగా జరిగినది.

అసలు ఎన్నికలలో నిలుచుట ఏ విధమైన హక్కు? మన సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకు 1952లోనే సమాధానము చెప్పినది. నాటి మద్రాసు రాష్ట్రములో, సేలం జిల్లా నామక్కల్ నియోజకవర్గమున పొన్నుస్వామి అను నాతని నామినేషను పత్రమును ఎన్నికల అధికారి తిరస్కరించెను. ఆయన న్యాయస్థానమున కెక్కెను. ఓటు వేయుట గాని, అభ్యర్థిగా నిలుచుట గాని పౌరునికి పుట్టుకతో వచ్చిన హక్కు కాదనియు, అది శాసనము కల్పించిన హక్కనియు, శాసనము విధించిన హద్దులలోనే దానిని అనుభవింపవలెననియు న్యాయస్థానము నిర్ణయించినది. అనగా వాక్స్వాతంత్ర్యము, సమానత్వము వంటి ప్రాథమిక హక్కుల వరుసలో ఇది చేరలేదు. శాసనము ఇచ్చినదానికి శాసనమే షరతులు విధింపగలదు. మన దేశములో అనర్హతల పట్టిక పెరుగుటకు మూలమిదియే.

ఆ పట్టికలోని ముఖ్యాంశములను చెప్పెదను. రాజ్యాంగములోని 102వ అధికరణము పార్లమెంటు సభ్యులకు, 191వ అధికరణము రాష్ట్ర శాసనసభ్యులకు వర్తించును. ప్రభుత్వము క్రింద లాభదాయకమైన ఉద్యోగములో నున్నవారు, మతిస్థిమితము లేనివారని న్యాయస్థానము నిర్ణయించినవారు, దివాలా తీసి ఋణవిముక్తులు కానివారు, పౌరులు కానివారు అనర్హులు. వీరుగాక, పార్లమెంటు శాసనము చేసి మరికొందరిని చేర్చవచ్చును. అట్లు చేసిన శాసనమే 1951 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టము. నేను మొదట చెప్పిన రెండేండ్ల నియమము అందలి 8వ సెక్షనులోనిది. లంచగొండితనము, ఎన్నికలలో అక్రమములు మొదలైన కొన్ని నేరములకు జరిమానా మాత్రమే పడినను అనర్హత తప్పదు.

ఈ చట్టములో చిరకాలము ఒక వింత మినహాయింపు ఉండెను. సామాన్యుడు దోషియైనచో వెంటనే అనర్హుడు. అప్పటికే సభ్యుడైనవానికి మాత్రము మూడు నెలల గడువు. ఆలోగా అప్పీలు చేసికొన్నచో, ఆ అప్పీలు తేలువరకు పదవికి ఢోకా లేదు. అప్పీళ్లు తేలుటకు ఎన్ని సంవత్సరములు పట్టునో మన కందరకు తెలిసినదే. 2013 జూలై 10వ తేదీన లిల్లీ థామస్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఈ మినహాయింపును కొట్టివేసినది. అభ్యర్థికి ఒక నీతి, సభ్యునికి ఒక నీతి ఏర్పరచు అధికారము పార్లమెంటునకు లేదని తీర్పు సారాంశము.

మన తెలుగుదేశమునకు ఈ విషయము క్రొత్తది కాదు. 1967 ఎన్నికలలో డాక్టరు మర్రి చెన్నారెడ్డిగారు తాండూరునుండి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఎన్నికైరి. తరువాత కేంద్రములో ఉక్కు, గనుల మంత్రి యైరి. ఆయన ఎన్నికపై వందేమాతరం రామచంద్రరావుగారు వ్యాజ్యము వేసిరి. ఎన్నికల అక్రమములు ఋజువైనవని హైకోర్టు ఆ ఎన్నికను రద్దు చేసినది. 1968 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును స్థిరపరచినది. చెన్నారెడ్డిగారు కేంద్ర మంత్రిపదవిని వీడిరి. ఆరేండ్లపాటు ఎన్నికలకు అనర్హులైరి. 1971 లోక్‌సభ ఎన్నికలలో ఆయన నాయకత్వము వహించిన తెలంగాణా ప్రజాసమితి పది స్థానములు గెలిచినది. నాయకుడు మాత్రము అభ్యర్థి కాలేదు. గడువు తీరినది. 1978లో ఆయనయే ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి యైరి. ఇందు గమనింపవలసినది రెండు మాటలు. కేంద్ర మంత్రియని చట్టము వెనుకంజ వేయలేదు. గడువు ముగిసిన పిమ్మట ప్రజల యొద్దకు మరలి వచ్చు దారిని మూసివేయనూ లేదు.

కాని చట్టము అందరి యెడల ఇట్లే నడచినదా? 1975 జూన్ 12వ తేదీన అలహాబాదు హైకోర్టు న్యాయమూర్తి జగ్‌మోహన్‌లాల్ సిన్హా, ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీ ఎన్నికను రద్దుచేసి, ఆరేండ్ల అనర్హతను విధించెను. ఆ నెల ముగియక పూర్వమే అత్యవసర పరిస్థితి ప్రకటింపబడినది. ఏ చట్టము ప్రకారము ఆమె దోషియని తీర్పు వచ్చెనో ఆ చట్టమే, గతమునకు గూడ వర్తించునట్లుగా, సవరింపబడినది. అంతటితో ఆగక, ప్రధానమంత్రి ఎన్నికను న్యాయస్థానముల విచారణనుండి తప్పించుచు 39వ రాజ్యాంగ సవరణ వచ్చినది. నవంబరు 7వ తేదీన సుప్రీంకోర్టు, సవరించిన చట్టమును అనుసరించి ఆమె ఎన్నికను నిలిపినది; కాని ఒక వ్యక్తి ఎన్నికను న్యాయవిచారణకు అందకుండ చేసిన రాజ్యాంగ సవరణ భాగమును కొట్టివేసినది. అనర్హత శాసనమునకు కర్త పార్లమెంటే యైనప్పుడు, పార్లమెంటులో బలము గలవారి చేతిలో అది ఎట్లు వంగునో ఆ అయిదు నెలల చరిత్ర చెప్పును.

ఇక అమెరికా వైపు పోవుదము. అచ్చటి పెద్దలు భయపడినది సరిగా ఈ వంపునకే. వారి భయమునకు ఇంగ్లండు చరిత్రలోనే కారణము కలదు. 1769లో జాన్ విల్క్స్ అను ప్రభుత్వ విమర్శకుని ఇంగ్లండు కామన్స్ సభ బహిష్కరించినది. మిడిల్‌సెక్స్ ఓటర్లు ఆయననే మరల మరల ఎన్నుకొనిరి. సభ మరల మరల ఆ ఎన్నికను త్రోసిపుచ్చి, తుదకు ఓడినవానికే స్థానము నిచ్చినది. ఆ వార్తలు అమెరికా వలసలలో అందరికిని తెలిసినవే. కనుక అర్హతలను రాజ్యాంగములోనే కొలిచి వ్రాసి, సభలచేతికి ఆ కొలబద్ద దొరకకుండ చేయవలెనని వారు తలచిరి.

ఆ తలపు ఆచరణలో స్థిరపడుటకు మాత్రము చాలకాలము పట్టినది. విస్కాన్సిన్ రాష్ట్రములోని మిల్వాకీ నగరమునుండి 1918లో ప్రతినిధుల సభకు ఎన్నికైన విక్టర్ బర్గర్ కూడ డెబ్స్‌వలె సోషలిస్టు; ఆయనకును యుద్ధ వ్యతిరేక రచనలకై ఇరువదియేండ్ల శిక్ష పడినది. సభ ఆయనకు స్థానము నిరాకరించినది. ఖాళీ స్థానమునకు ఉపఎన్నిక జరుపగా మిల్వాకీ ప్రజలు ఆయననే ఎన్నుకొనిరి. సభ తిరిగి నిరాకరించినది. 1921లో సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దుచేసినది. 1922లో గెలిచి, తుదకు ఆయన సభలో కూర్చుండెను. శిక్ష నిలువలేదు, కాని ఆ నడుమ కాలములో ఒక నగరము తన ప్రతినిధి లేకయే గడపినది. 1969లో పవెల్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ సమస్యను తేల్చినది: రాజ్యాంగములో చెప్పిన వయసు, పౌరసత్వము, నివాసము అను అర్హతలు గలవానిని ప్రజలు ఎన్నుకొన్నచో, వానికి ప్రవేశము నిరాకరించుటకు సభకు అధికారము లేదు. నచ్చనిచో మూడింట రెండు వంతుల ఆధిక్యముతో బహిష్కరింపవచ్చును, ద్వారముకడ ఆపరాదు.

అయినచో అమెరికాలో పదవికి అనర్హతయే లేదా? కలదు. రెండు మార్గములు చెప్పదగినవి. మొదటిది అభిశంసనము. ప్రతినిధుల సభ నేరారోపణ చేయగా సెనేటు విచారించి పదవినుండి తొలగింపవచ్చును. కోరినచో మరల ఏ పదవికిని రాకుండ నిషేధింపవచ్చును. తొలగించుట వేరు, నిషేధించుట వేరు. ఆల్సీ హేస్టింగ్స్ అను న్యాయాధిపతిని 1989లో సెనేటు తొలగించినది. కాని నిషేధమును విధింపలేదు. ఆయన 1992లో ఫ్లోరిడానుండి ప్రతినిధుల సభకే ఎన్నికై, 2021లో మరణించువరకు సభ్యుడుగా నుండెను.

రెండవది అంతర్యుద్ధము మిగిల్చిన నిబంధన. దక్షిణ రాష్ట్రముల తిరుగుబాటు అణగిన పిమ్మట, నిన్నటివరకు తిరుగుబాటు ప్రభుత్వమున ఉపాధ్యక్షుడైన అలెగ్జాండర్ స్టీఫెన్స్‌ను జార్జియా రాష్ట్రము 1866లో సెనేటునకు ఎన్నుకొన్నది. ఓడినవారు ఎన్నికల ద్వారమున మరల ఏలికలగుదురను భయముతో, 1868లో అమలునకు వచ్చిన 14వ సవరణలో ఒక నియమము చేర్చిరి. రాజ్యాంగమును కాపాడుదునని ప్రమాణము చేసి, పిమ్మట దానిపైననే తిరుగుబాటు చేసినవాడు పదవికి అనర్హుడు. కాని ఉభయసభలును మూడింట రెండు వంతుల ఆధిక్యముతో ఆ అనర్హతను తొలగింపవచ్చును. 1872లోనే అత్యధిక సంఖ్యాకులకు ఆ క్షమ లభించినది. తరువాత ఆ నియమము నూరేండ్లకు పైగా దాదాపు మరుగున పడియుండెను.

2021 జనవరి 6వ తేదీన వాషింగ్టనులోని శాసనసభా భవనముపై జరిగిన దాడితో అది మేలుకొన్నది. డోనాల్డ్ ట్రంప్ ఈ నియమము క్రింద అనర్హుడని 2023 డిసెంబరు 19వ తేదీన కొలరాడో సుప్రీంకోర్టు, నలుగురు ఒకవైపు ముగ్గురు మరియొకవైపుగా, తీర్పు చెప్పినది. 2024 మార్చి 4వ తేదీన అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా ఆ తీర్పును త్రోసిపుచ్చినది. ఆయన తిరుగుబాటు చేసెనా లేదా అని అది నిర్ణయింపలేదు. జాతీయ పదవుల విషయమున ఈ నియమమును అమలు జరుపుటకు ఒక రాష్ట్రమునకు అధికారము లేదని మాత్రము చెప్పినది; అమలుచేయు శక్తి కాంగ్రెసు, అనగా వారి పార్లమెంటు, చేతిలోనిదని న్యాయమూర్తులలో అధిక సంఖ్యాకులు వ్రాసిరి. ఆ యేడు మే 30వ తేదీన న్యూయార్కు జూరీ ఆయనను ముప్పదినాలుగు అభియోగములలో దోషిగా నిర్ణయించినది. నవంబరులో ప్రజలు ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకొనిరి. 2025 జనవరి 20వ తేదీన ఆయన ప్రమాణ స్వీకారము చేసెను.

ఇచ్చట ఒక విరోధాభాసము కలదు. అమెరికాలో పెక్కు రాష్ట్రములు నేరస్థునికి ఓటు హక్కు నిరాకరించును. కొన్నిచోట్ల శిక్ష ముగిసిన తరువాత గూడ. మెయిన్, వెర్మాంట్ రాష్ట్రములు మాత్రము చెరసాలలో నున్నవానికి గూడ ఓటు నిచ్చును. కనుక తన ఓటు తాను వేసికొనజాలని మనుజుడు ఆ దేశాధ్యక్షుడు కావచ్చును. మనలను చూచి వారు నవ్వకుండ మన సంగతి గూడ చెప్పవలెను. మన చట్టము ప్రకారము, ముందు జాగ్రత్త నిర్బంధములోని వారు దక్క, చెరసాలలో నున్నవారికి ఓటు లేదు. విచారణ ముగియక, దోషియో నిర్దోషియో తేలక, జామీను దొరకక చెరలో నున్న పేదవానికిని లేదు. అతడే ఆ చెరనుండి అభ్యర్థిగా నిలువవచ్చును. 2013లో పార్లమెంటు చట్టమును సవరించి ఆ వీలు కల్పించినది. అభ్యర్థికి చూపిన దయ ఓటరునకు చూపకుండుట రెండు దేశములలోను సమానమే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరల వత్తము. ఏది మేలు? పైకి చూడ, అమెరికా వారు నేరమును ఉపేక్షించుచున్నట్లును, మనము శిక్షించుచున్నట్లును తోచును. నిజమునకు రెండు రాజ్యాంగములును వేర్వేరు వ్యక్తులను శంకించినవి. మన చట్టము, ధనమునకో భయమునకో కులాభిమానమునకో లోబడి ఓటరు దుష్టుని ఎన్నుకొనునేమో యని శంకించినది. వారి రాజ్యాంగము, అధికారములో నున్నవాడు తన ప్రత్యర్థిని దుష్టుడని ముద్రవేసి తొలగించునేమో యని శంకించినది. రెండు శంకలును నిరాధారములు కావు.

మన పద్ధతిలోని చిక్కునకు 2023వ సంవత్సరమే సాక్ష్యము. మార్చి 23వ తేదీన సూరతు న్యాయస్థానము పరువునష్టపు నేరమునకు రాహుల్ గాంధీకి రెండేండ్ల శిక్ష విధించినది. ఆ నేరమునకు నాటి చట్టములో గరిష్ఠ శిక్ష అంతియే. మరునాడే లోక్‌సభ సభ్యత్వము పోయినది. ఒక్క దినము తక్కువ శిక్ష పడియున్నచో ఆ అనర్హత లేకపోయెడిది. ఆగస్టు 4వ తేదీన సుప్రీంకోర్టు, గరిష్ఠ శిక్షకు కారణములు చెప్పబడలేదని పేర్కొని దోషిత్వ నిర్ణయమును నిలిపివేసినది. 7వ తేదీన సభ్యత్వము తిరిగి వచ్చినది. శిక్ష నిలుపుట మాత్రము చాలదు; దోషిత్వ నిర్ణయమునే నిలుపవలెను. ఆ నాలుగున్నర నెలలు వయనాడు ఓటర్లకు లోక్‌సభలో ప్రతినిధి లేడు. మిల్వాకీకి జరిగినదే కొంత స్వల్పముగా వయనాడునకు జరిగినది.

ఇంకొక చిక్కు తాళపుచెవి ఎవరి చేతిలో నున్నదనునది. పార్టీ ఫిరాయించిన సభ్యుని అనర్హుని చేయు పదవ షెడ్యూలు 1985లో వచ్చినది. నిర్ణేత సభాపతి. సభాపతి సాధారణముగ పాలకపక్షమువాడు. ఫిరాయింపు పాలకపక్షములోనికే యైనచో ఆయన తీర్పు త్వరపడదు. తెలంగాణా శాసనసభలో పదిమంది సభ్యులపై వచ్చిన అర్జీల విషయమున, మూడు నెలలలో తేల్చవలసినదిగా 2025 జూలై 31వ తేదీన సుప్రీంకోర్టు సభాపతిని ఆదేశింపవలసి వచ్చినది. ఈ అధికారము సభాపతి కడ నుండవలెనా యని పార్లమెంటు పునరాలోచింపవలెనని గూడ న్యాయస్థానము సూచించినది.

కనుక నాకు తోచిన మాట యిది. అనర్హతలు ఎక్కువ ఉన్నవా తక్కువ ఉన్నవా అనునది ముఖ్యము కాదు. ఏ అనర్హతనైనను నాలుగు ప్రశ్నలతో పరీక్షింపవలెను. కారణము స్పష్టముగా, ముందుగా శాసనములో వ్రాయబడినదా? నిర్ణయించువాడు ఆ నిర్ణయమువలన లాభపడనివాడేనా? నిర్ణయము సకాలమున వచ్చునా? దండన తీరిన పిమ్మట ప్రజల యొద్దకు మరలివచ్చు దారి కలదా? చెన్నారెడ్డిగారి విషయమున ఈ నాలుగింటికిని సమాధానము దొరకినది. 1975లో మొదటి ప్రశ్నకే దెబ్బ తగిలినది. బర్గరు విషయమున రెండవదానికి, ఫిరాయింపుల విషయమున రెండవదానికిని మూడవదానికిని దెబ్బ తగిలినది. అమెరికాలోని 14వ సవరణ నియమమునకు కారణము కలదు, మరలివచ్చు దారియు కలదు. సకాలమున నిర్ణయించువాడు మాత్రము లేకపోయెను.

2025 ఆగస్టులో మన లోక్‌సభ ముందునకు మరియొక ప్రతిపాదన వచ్చినది. అయిదేండ్లు గాని, అంతకు మించి గాని శిక్ష పడదగిన నేరారోపణపై వరుసగా ముప్పది దినములు నిర్బంధములో నున్న మంత్రి, ముఖ్యమంత్రి, ప్రధానమంత్రి సైతము పదవిని కోల్పోవలెనని దాని సారము. దోషిత్వము తేలకముందే పదవి పోవును. అరెస్టు చేయువారు ప్రభుత్వపు అధికారులు. విడుదలయైనచో మరల నియమింపవచ్చునని అందే కలదు. అది ఉభయసభల సంయుక్త సంఘమునకు పంపబడినది. చెరసాలనుండి పరిపాలన సాగుట సబబా యని అడుగువారును, అరెస్టు చేయు చేయి ఎవరిదని అడుగువారును ఉన్నారు. పై నాలుగు ప్రశ్నలను దీనికి గూడ వేసి, సమాధానమును శ్రోతలే నిర్ణయించుకొనవచ్చును.

తుదకు ఒక మాట. శాసనము దుర్మార్గుని కొంతదూరము ఆపగలదు. సన్మార్గుని తెచ్చి యీయలేదు. అభ్యర్థి తనపైగల నేరారోపణలను, ఆస్తిపాస్తులను ప్రమాణపత్రములో తెలుపవలెనని మన సుప్రీంకోర్టు 2002లో ఆదేశించినది. ఆ పత్రమును చదువుట ఓటరు పని. ఎవనిని ఆపవలెనో న్యాయస్థానము చెప్పినను, సభాపతి చెప్పినను, ఆ ఖాళీయైన స్థానమున ఎవనిని కూర్చుండబెట్టవలెనో చెప్పువాడు ఓటరొక్కడే. డెబ్స్‌కు ఓటు వేసిన తొమ్మిది లక్షలమందికి ఆయన చెరసాలలో ఎందుకున్నాడో తెలియును, తెలిసియే వేసిరి. మనము మెచ్చినను మెచ్చకున్నను, తెలిసి వేసిన ఓటునకు గల విలువ తెలియక వేసినదానికి రాదు.